పూజలో ఉన్న పానాలు

చేతిలో ఒక్క పానా లేదు. ఇంట్లో లేవా అంటే బోలెడున్నాయి, పూజగదిలో పీట మీద వరసగా పడుకుని, ఒంటినిండా పసుపు పూసుకుని, ఒక్కొక్కటీ ఒక్కో కుంకుమ బొట్టు పెట్టుకుని, బంతిపూల రెక్కల కింద పెళ్లికొచ్చిన చుట్టాల్లా దర్జాగా ఉన్నాయి. నేనేమో ఇక్కడ పోర్టికోలో, ఎత్తిన బానెట్ కింద తల దూర్చి, ఉత్త చేతులతో నిలబడ్డాను. తాళం తిప్పితే సెల్ఫ్ గుర్రుమంటుంది, ఇంజను తిరుగుతుంది, కానీ అంటుకోదు. మొన్న అష్టమినాడు తాళం తాకీ తాకగానే పలికిన బండి ఇది. ఇవాళ దసరా. పొద్దు వాలేలోగా ఈ అంబాసిడర్ ఎవరూ తోయకుండా, ఎవరూ లాగకుండా, తన కాళ్ల మీద తాను గేటు దాటాలి, మా అత్తగారు అనసూయమ్మను జమ్మిచెట్టు దాకా తీసుకెళ్లాలి. దాటకపోతే రేపు పొద్దున తుక్కు కొనేవాడు లారీతో వస్తాడు. ఎవరో నా నెత్తిన రుద్దిన షరతు కాదిది. నేనే మాట ఇచ్చాను, అదీ మామూలుగా ఇచ్చానా, పద్మారావు నగర్‌లో మా వీధి వీధంతా వినేటట్టు ఇచ్చాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదే కానీ కాస్త పెద్దది.

పెట్రోలు వస్తోందా అంటే వస్తోంది, వాసన ముక్కుపుటాలు అదరగొడుతోంది. అయితే నిప్పు లేదు. పెట్రోలూ గాలీ నిప్పూ, ఈ మూడే కదా ఏ బండికైనా, ఈ మూడింటిలో ఏది రాలేదో కనుక్కుంటే సగం పని అయినట్టే. డిస్ట్రిబ్యూటర్ మూత నడిమధ్య నుంచి వచ్చే లావుపాటి వైరు ఊడదీశాను. ఉత్త చేత్తో పట్టుకుంటే ఝెల్లుమంటుంది, అందుకని దండెం మీది చెక్క క్లిప్పు తెచ్చి దాంతో పట్టుకున్నాను, ఇంజను ఇనుముకు కొంచెం ఎడంగా పెట్టి యుగంధర్‌ను తాళం తిప్పమన్నాను. యుగంధర్ మా ఆయన. తుక్కువాడికి ఫోను చేసింది ఆయనే, ఇప్పుడు బుద్ధిగా తాళం తిప్పుతున్నదీ ఆయనే, మనిషిలో దుర్మార్గం లేదు. కొత్తగా కొన్న చిన్న కారు వీధిలో పడుకుంటోంది, ఎవరో పోకిరీలు దాని పక్కమీద మేకుతో గీశారు, ఆ గీత చూసినప్పుడల్లా ఆయన కళ్లు ఈ పోర్టికో మీద పడతాయి. తప్పు పట్టను. కానీ పోర్టికోలో మొదట చేరింది ఎవరో కూడా చూడాలి కదా. వైరు చివర చిన్న మెరుపు కూడా రాలేదు. బ్యాటరీ గొంతు మాత్రం ఇందాకటికంటే సన్నబడింది.

ఈ చేతులు ఇలా ఖాళీగా ఉంటే నాకు ఊపిరాడదు. రాంగోపాల్‌పేట్‌లో మేడ మీద కల్పలత టైప్ ఇన్‌స్టిట్యూట్ అని బోర్డు ఉండేది, కల్పలతను నేనే, ఆ మెట్లు ఎక్కని నిరుద్యోగి సికింద్రాబాద్‌లో లేడని చెప్పుకునేదాన్ని, చెప్పుకోవడంలో నేను ఎన్నడూ వెనక్కి తగ్గలేదు. తెల్లారగట్ల నుంచే పది మిషన్లూ ఒక్కసారిగా టకటకలాడుతుంటే కింద టీ కొట్టువాడి గ్లాసులు అదిరేవి. ఏ మిషన్‌లో ఏ అక్షరం ఎగిరి పడుతుందో, ఏ స్ప్రింగు నీరసించిందో గదిలో ఏ మూలనున్నా చెవితోనే తెలిసేది, సన్న స్క్రూడ్రైవరు పట్టుకుని నేనే బాగుచేసేదాన్ని. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. పిల్లలంతా అమీర్‌పేట బస్సెక్కారు, ఎవరి నోట విన్నా జావా, జావా, వాళ్ల నాన్నలు కూడా జావా అనేవాళ్లు, అదేదో వ్రతం పేరైనట్టు. ఒక్కో మిషనూ పాత సామాన్లవాడి బండెక్కింది. బోర్డు దింపిన రోజు ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుంటే నా వేళ్లు వాటంతట అవే బల్ల మీద ఎ ఎస్ డి ఎఫ్ కొట్టుకుంటున్నాయి. ఏడుపొచ్చింది. ఏడ్చి, ముక్కు చీది, పోర్టికోలోకి వచ్చి, మామగారు పోయిన నాటి నుంచి ఎవరూ కదపని టార్పాలిన్ లాగి చూశాను. లోపల ఎలుకలు కాపురం పెట్టాయి. స్టీరింగు మీద బూజు. బానెట్ ఎత్తితే, అబ్బ, అంతా ఇనుమే, అంతా కళ్లకు కనిపించేదే, ఏ పని ఎవరు చేస్తున్నారో దాపరికం లేకుండా చెప్పే యంత్రం, నా మిషన్లకు పెద్దన్నలా ఉంది.

అప్పటికి నా దగ్గర ఉన్నదల్లా టైపు మిషన్ల స్క్రూడ్రైవరూ, డబ్బా మూతలు తీసే స్పూనూ. యుగంధర్ ముచ్చటపడి నా పుట్టినరోజుకు తళతళలాడే పానాల సెట్టు తెచ్చాడు, నీలం పెట్టె, లోపల మఖమల్ గుడ్డ, నగల పెట్టె కూడా అంత బాగుండదు. అందులోంచి పదమూడు అని రాసున్న పానా తీసి సరిపోయిందనుకుని బిగించి లాగితే సర్రున జారింది, నా వేలి కణుపు చిట్లింది, నట్టు మూలలన్నీ అరిగి గుండ్రంగా తయారైంది. మళ్లీ లాగాను, మరీ గుండ్రమైంది. పాత అంబాసిడర్‌కు అంతా అంగుళాల లెక్క అనీ, నా సెట్టంతా మిల్లీమీటర్ల లెక్క అనీ, రెండూ చూపులకు ఒకటే గానీ పట్టుకు ఒకటి కాదనీ నాకెవరు చెప్పారు. రెజిమెంటల్ బజార్‌లో పాత పనిముట్లు అమ్మే జకర్యా చెప్పాడు. గోనె పట్టా మీద గుట్టగా పోసిన తుప్పు సామానులోంచి అర అంగుళం రింగు పానా ఏరి, చొక్కాకు తుడిచి నా చేతిలో పెట్టి, నట్టును అడిగి పానా కొనాలి గానీ మెరుపు చూసి కాదని నవ్వాడు. నీలం పెట్టె ఇప్పుడు యుగంధర్ కొత్త కారు డిక్కీలో ఉంది, ఆ కారుకు అది సరిపోతుందట, ఇద్దరూ హాయిగా ఉన్నారు.

ఆ తర్వాత ఆదివారాలన్నీ ఆ గోనె పట్టా ముందే. నట్టు నోరు తెరిపించడానికి అడ్డపానా చాలు, మొండికేసిన దానికి నాలుగు వైపులా చుట్టుకునే రింగు పానా కావాలి, చెయ్యి దూరని సందులోకి నట్టు మీద టోపీలా కూర్చునే గోటీలు కావాలి, వాటికి పొడుగు రాడ్డు కావాలి. ఒక పెద్ద స్క్రూడ్రైవరు, ఒక బుడ్డది. కటింగ్ ప్లేయరు. అరకిలో సుత్తి, దాని పక్కనే కర్ర సుత్తి, ఎందుకంటే ప్రతిదాన్నీ కొట్టాల్సి వస్తుంది కానీ ప్రతిదాన్నీ గట్టిగా కొట్టకూడదు, ఇది కాపురానికీ పనికొచ్చే మాటే. పళ్ల బ్రష్షు, కిరోసిను డబ్బా. సన్నటి రేకులన్నీ విసనకర్రలా విచ్చుకునే ఫీలర్ గేజి, కంటికి ఆనని సందును కొలవడానికి. ఇంతకుమించి సామాను అక్కరలేదు. అక్కరకు రాని పానాలు పది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఇవి ఒక్కొక్కటే ఇంటికి వస్తుంటే అత్తగారు గడపలో నిలబడి చూసేది, ఏమీ అనేది కాదు. వీధిలో వాళ్లు అనేవాళ్లు, కల్పలత కారు కింద పడుకుంటుందట, చీర కొంగు నడుముకు చుట్టుకుని. అవును పడుకున్నాను. కింద నుంచి చూస్తే లోకం చాలా శుభ్రంగా ఉంటుంది, ఎవరి మొహమూ కనిపించదు, చెప్పులే కనిపిస్తాయి.

నిన్న నవమి పొద్దున అత్తగారు నా దగ్గరికి వచ్చి, నీ సామాన్లు తే అంది. ఈ ఇంట్లో ఆయుధపూజంటే మామగారి కలం, కారు తాళాలు, యుగంధర్ స్కూటరు, ఇంతే. పది మిషన్లు టకటకలాడిన రోజుల్లో కూడా నా పనిముట్టు ఒక్కటి ఆ పీట ఎక్కలేదు, నేను అడగలేదు, ఆమె పిలవలేదు. నిన్న పిలిచింది. కుంకుడు రసంతో జిడ్డు పోయేలా తోమింది, మెత్తటి గుడ్డతో తుడిచింది, పసుపు పూసింది, పెద్ద పానా నుంచి చిన్న పానా దాకా ఒద్దికగా పేర్చింది, ఇంజను ముందు నుంచి తిప్పే పొడుగు హ్యాండిల్‌ను మూలన నిలబెట్టి దానికి ఎర్రటి రవికె గుడ్డ చుట్టింది. జమ్మి చూసి ఇంటికొచ్చి ఉద్వాసన చెప్పేదాకా వీటిని కదపొద్దు, ఇది మన ఇంటి ఆచారం అంది. సరే అత్తమ్మా అన్నాను, అననా మరి. ఆ పీట మీద నా సామాను ఉండటం కన్నా నాకు కావలసింది ఏముంది. ఇప్పుడు లోపలికెళ్లి ఒక్క స్క్రూడ్రైవరు లాక్కొచ్చుకోవచ్చు, ఆమె అడ్డం పడదు, కానీ ఆ మొహం మళ్లీ నా వైపు అలా తిరగదు. లాక్కొచ్చుకోను.

మెరుపు లేదంటే జబ్బు నాలుగు సిలిండర్లకూ నిప్పు పంచే ఆ డిస్ట్రిబ్యూటర్‌లోనే ఉండాలి. దీని మూతకు రెండు స్ప్రింగు క్లిప్పులు, బొటనవేలితో నొక్కితే ఊడతాయి, ఇంజను చేసినవాడు ఎవడో గానీ ఆయుధపూజ సంగతి తెలిసినవాడే. మూత తీశాను. తీసి, చూసి, మొహం దగ్గరగా పెట్టి మళ్లీ చూసి, నవ్వాపుకోలేక కారు మడ్‌గార్డు మీద తల ఆనించాను. కలుస్తూ విడిపోతూ నిప్పు పుట్టించే ఆ రెండు చిన్న పాయింట్ల మధ్య చక్కగా పసుపు, దాని మధ్యలో కుంకుమ బొట్టు, ఆరి గట్టిపడి, అమ్మవారి నుదుట ఉన్నట్టు ఉంది. నిన్న పూజకు ముందు అంతా తుడుస్తూ ఈ మూత తెరిచి పెట్టాను. అత్తగారు వంగి చూసి, దీని ప్రాణం యాడుంటదే అని అడిగింది. నేను ఊరుకుంటానా, పాఠం చెప్పాను, ఇదిగో ఈ రెండింటి మధ్య నిప్పు పుడుతుంది, బండికి ప్రాణమంటే ఇదే అని వేలు పెట్టి మరీ చూపించాను. కొబ్బరికాయ తేవడానికి లోపలికెళ్లాను. ప్రాణం ఎక్కడుందో తెలిశాక బొట్టు ఇంకెక్కడ పెడుతుంది. వచ్చి చూసుకోకుండా మూత బిగించేసింది నేనే. ఇంత భక్తిగా బండినాపిన మనిషి ఈ జంటనగరాల్లో ఇంకొకరు ఉండరు.

అత్తగారు మెట్ల మీద పట్టుచీర కట్టుకుని, కొబ్బరికాయ పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఏమైందే అని కళ్లతోనే అడిగింది. తేమ పట్టింది అత్తమ్మా, తుడిస్తే పోతుంది అన్నాను. తేమ మాట నిజమే, ఎవరు పట్టించారన్నది చెప్పనక్కరలేదు. ఆమె బొట్టు వల్ల బండి ఆగిందని తెలిస్తే ఈ జన్మకు మళ్లీ కారు మొహం చూడదు. దీపపు ఒత్తి ఒకటి తీసుకుని సీసాలోని పెట్రోలులో ముంచి పసుపు కడిగాను. కడిగితే చాలదు, ఆరిన కుంకుమ ఇనుమును పట్టేసింది. గోళ్లు అరగదీసుకునే చిన్న రేకు నా పర్సులో ఉంటుంది, దాంతో రెండు పాయింట్లూ సున్నితంగా గీకాను, పూర్వం ఇరుక్కున్న అక్షరాలను గీకినట్టే, ఊపిరి బిగబట్టి. తెల్లటి ఇనుము తేలింది. వేళ్లు ఏమీ మర్చిపోలేదు. జావా రాని వేళ్లు.

గీకితే సందు మారుతుంది. సందు ఎక్కువైనా తక్కువైనా నిప్పు రాదు. మళ్లీ కొలవాలి, ఫీలర్ గేజి పీట మీద విసనకర్రలా విచ్చుకుని అమ్మవారికి విసురుతోంది. ఆ గేజి కొన్న కొత్తలో, కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, ఇంట్లో కనిపించిందల్లా కొలిచాను, పోస్టుకార్డు, శుభలేఖ, అప్పడం, యుగంధర్ బ్యాంకు పాసుపుస్తకం అట్ట. ఏదీ ఈ పాయింట్ల కొలతకు రాలేదు. వచ్చింది ఒక్కటే, సూరి ఇచ్చిన విజిటింగ్ కార్డు. సూరి తుని దగ్గర నుంచి వచ్చిన కుర్రాడు, నా చివరి బ్యాచిలో టైపు నేర్చుకున్నాడు, మాధాపూర్‌లో అద్దాల మేడలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం రాగానే స్వీట్లతో వచ్చి, మీరు వేళ్లకి భయం పోగొట్టారండీ మేడమ్ గారూ, మిగతాదంతా తేలికేనండీ అని ఈ కార్డు ఇచ్చాడు. దళసరిగా, నున్నగా, బంగారు అక్షరాలతో. పర్సులోనే ఉంది. పాయింట్లను పట్టి ఉంచే బుల్లి మర వదులు చెయ్యడానికి బ్రెడ్డు మీద వెన్న రాసే కత్తి కొన సరిగ్గా కూర్చుంది. కార్డును పాయింట్ల మధ్యకు జార్చాను, అటూ ఇటూ లాగితే మరీ వదులుగా కాదు, మరీ పట్టుగా కాదు, కాస్త రాసుకుంటూ కదలాలి. కదిలింది. మర బిగించాను. నా ఇన్‌స్టిట్యూట్ మూయించిన సాఫ్ట్‌వేరు ఇవాళ నా కారుకు గేజిగా పనిచేస్తోంది, చెప్పాపెట్టకుండా బాకీ వసూలు చేసుకున్నంత సంతోషం వేసింది.

మూత బిగించి యుగంధర్‌కు సైగ చేశాను. చెక్క క్లిప్పులో వైరు, వైరు చివర నీలంగా టప్‌మని మెరుపు. నిప్పొచ్చింది. వైరు తగిలించి తాళం తిప్పమన్నాను. సెల్ఫ్ ఒక్కసారి ములిగింది, టక్కుమంది, ఆగిపోయింది. ఇందాకటి నుంచీ తిప్పీ తిప్పీ బ్యాటరీని పిండేశాం. ఎండ గేటు దాటి ఎదురింటి గోడ ఎక్కుతోంది. కత్తితో స్క్రూడ్రైవరు పని చేయించవచ్చు, కార్డుతో గేజి పని చేయించవచ్చు, హ్యాండిల్‌కు మారు ఏదీ లేదు, అంత పొడుగు, అంత బరువు, అంత వంకర ఇనుము ఇంకే ఇంటి సామానుకూ ఉండదు. అది పూజగది మూలన ఎర్ర గుడ్డ కట్టుకుని నిలబడి ఉంది. యుగంధర్ కారు దిగి నా పక్కకు వచ్చాడు. నా మొహం చూశాడేమో, గొంతు తగ్గించి అన్నాడు.

"తోద్దాం పట్టు. గేటు దాటినంక షురూ అయితది. ఎవరడుగుతరు?"

మంచివాడని చెప్పానుగా. కానీ ఎవరూ అడగకపోయినా నాకు తెలుస్తుంది, తోసిన బండికి తన కాళ్లు ఉన్నట్టా. వద్దన్నాను. వద్దని బానెట్ దించి, దాని మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాను. ఇన్నాళ్లు ఎలుకల గూళ్లు తీసి, తుప్పు గీకి, నట్టు నట్టునూ కిరోసినులో కడిగి, చివరికి గేటుకు నాలుగడుగుల దూరంలో. రేపు లారీ. ఈ ఇనుమంతా కరిగి ఏ కిటికీ చువ్వలో అవుతుంది. అప్పుడే చూశాను, మెట్ల మీద కొబ్బరికాయ పళ్లెం ఒక్కటే ఉంది, అత్తగారు లేదు.

వచ్చింది. రెండు చేతుల్లో హ్యాండిల్, దానికి ఎర్ర రవికె గుడ్డ అలాగే ఉంది, పసుపు ఆమె పట్టుచీరకు అంటుతోంది, లెక్కచేయలేదు.

"పాండవులు జమ్మి మీదికెల్లి ఆయుధాలు దింపింది ఇయ్యాల్నే గదా. మనం దింపితె తప్పేముంది?"

అంతే, శాస్త్రం అయిపోయింది. అందుకోబోయాను, ఇవ్వలేదు. నువ్వు లోపల కూచో, దాని ఊపిరి నీకెరుక అంది. పళ్లెం కోసం వంగినంత సులువుగా కుచ్చిళ్లు ఎత్తి నడుములో దోపింది. యుగంధర్ కంగారుపడి, నీకు తెల్వదమ్మా, చెయ్యి ఇరుగుతది, ఇటియ్యి అని అడ్డం వెళ్లాడు. ఆమె కొడుకు వైపు కూడా చూడకుండా హ్యాండిల్ కొనను బంపరు కింది చిల్లులోకి, వెతుక్కోకుండా, ఒక్క దోపుకే దించింది.

"మీ నాయన కారు దినాం పొద్దుగాల ఎవరు తిప్పిండ్రనుకున్నవ్‌రా?"

మామగారు స్టీరింగు ముందు కూర్చునేవారట. సెల్ఫ్ ఎప్పుడో చెడిపోతే బాగుచేయించలేదట. వీధి మేలుకోకముందే, చీకటి ఉండగానే, ఎవరూ చూడకుండా ఈమె తిప్పేదట. బండి అంటుకున్నాక ఈమె లోపలికెళ్లి పొయ్యి అంటించేది, తెల్లారి ఆయన కారు హుందాగా గేటు దాటేది. పండక్కి గుడికి వెళ్తే ఈమెది వెనక సీటు. ఇవన్నీ ఆమె చెప్పింది రెండు ముక్కల్లోనే, మిగతాది నాకు ఆ నిలబడిన తీరులో కనిపించింది, పాదాలు ఎడంగా, నడుము వంచి, ఎడమ చెయ్యి బానెట్ మీద. ఎదురింటి వాళ్లు గోడ దగ్గరికి వచ్చారు. పక్కింటి తిరుమల జమ్మికి బయలుదేరినదల్లా ఆగింది. వీధిలో చీకటి లేదు. అందరికీ కనిపించేంత వెలుతురు ఉంది.

నేను సీట్లో కూర్చుని చోక్ లాగాను, సగమే, ఇందాకటి నుంచీ తిప్పీ తిప్పీ ఇంజనులో ఇప్పటికే బోలెడు పెట్రోలు చేరింది. ఒక్కసారిగా భయమేసింది. ఇంజను వెనక్కి తన్నితే హ్యాండిల్ తిరగబడుతుంది, బొటనవేలు చుట్టి పట్టుకున్నవాళ్ల మణికట్టు విరుగుతుంది, ఆ సంగతి చెప్పలేదు, చెప్పాలి, అత్తమ్మా బొటనవేలు అని కిటికీలోంచి తల బయటపెట్టాను. బొటనవేలు చుట్టి లేదు. నాలుగు వేళ్ల పక్కనే, అదే వైపున, బుద్ధిగా ముడుచుకుని ఉంది. నా నోరు మూతపడింది, అది ఈ ఇంట్లో అరుదైన సంగతి. ఆమె హ్యాండిల్‌ను కిందికి దించింది, ఇంజను బిగువు చేతికి తగిలేదాకా ఆగింది, ఒక్క ఊపులో పైకి లాగింది. దగ్గింది. నేను కాలు కొంచెం నొక్కాను, కొంచెమే. మళ్లీ దించింది, ఆగింది, లాగింది. అంటుకుంది. అంటుకుని, తడబడి, నేను చోక్ తోస్తుంటే సర్దుకుని, నాలుగు సిలిండర్లూ ఒకే మాట మీదికి వచ్చి టకటకటకమని, రాంగోపాల్‌పేట్ మేడ మీద పది మిషన్లూ ఒక్కసారి అందుకున్నట్టు. సీటు అదిరింది, అద్దం అదిరింది, నేను అదిరాను. ఏడుస్తున్నానని కాసేపటికి గానీ తెలియలేదు, నవ్వుతున్నాననే అనుకున్నాను.

యుగంధర్ పరుగెత్తి గేటు రెండు రెక్కలూ తీశాడు. జేబులో ఫోను మోగుతుంటే తీసి, వద్దు భాయ్, రేపు రాకు, బండి నడుస్తున్నది అంటున్నాడు, ఆ మాట అనడంలో ఆయన గొంతులో గర్వం నేను స్పష్టంగా విన్నాను, తర్వాత కాదన్నా ఒప్పుకోను. అత్తగారు హ్యాండిల్ ఊడదీసి, కళ్లకద్దుకుని, కొడుకు చేతిలో పెట్టి లోపల పీట మీద పెట్టి రమ్మంది. కుచ్చిళ్లు దింపుకుంది. పళ్లెం తీసుకుంది. ఆమెది వెనక సీటే కదా అని నేను చెయ్యి వెనక్కి చాపి వెనక తలుపు గొళ్లెం తీశాను. ఆమె ఆ తలుపును మోచేత్తో మూసి, బండి ముందు నుంచి చుట్టూ తిరిగి, అటువైపు వెళ్లి, ముందు తలుపు తీసుకుని నా పక్కన కూర్చుంది. పళ్లెం ఒళ్లో సర్దుకుంది. హారన్ కొట్టు అంది. హారన్ ఇంకా బాగుచేయలేదు అత్తమ్మా అన్నాను. ఆమె పసుపంటిన చెయ్యి కిటికీలోంచి బయటికి చాపి, గేటు దాటుతున్నంతసేపూ, వీధి మలుపు తిరిగేదాకా, తలుపు రేకు మీద అరచేత్తో దబదబా బాదుతూనే ఉంది.